నీళ్లు చొరని బూట్లు

తార్నాక,
28 అక్టోబరు 1994

ప్రియమైన సుందరరావు మామయ్యకు మేనకోడలు హన్నా వందనాలు.

ఇక్కడ నేనూ స్టీఫెనూ కులాసా. అక్కడ మీరు, మరియమ్మ అత్తయ్య, మీ మోకాలి నొప్పి కులాసా అని తలుస్తాను. (నొప్పి కులాసాగా ఉండకూడదు కదా. కొట్టేద్దామనుకున్నాను. మళ్లీ ఉత్తరం అసహ్యంగా ఉంటుందేమోనని వదిలేశాను.)

అసలు సంగతికి వస్తాను. మా జియాలజీ డిపార్ట్‌మెంటు వాళ్లు ఏటా డిసెంబరులో ఎమ్మెస్సీ పిల్లల్ని రాళ్లు చూపించడానికి క్యాంపుకు తీసుకెళతారు. ఎప్పుడూ మగ లెక్చరర్లే. నేను బస్సు దాకా వెళ్లి, పిల్లలకు జాగ్రత్తలు చెప్పి, చెయ్యి ఊపి ఇంటికి వచ్చేదాన్ని. ఈసారి క్యాంపు ఇల్లెందు వైపు. ఈసారి నేను నడిపిస్తానని నోరు తెరిచి అడిగేశాను. అడిగిన మరుక్షణం ఎందుకడిగానా అనిపించిందనుకోండి, అది వేరే సంగతి.

మా హెడ్ అచ్యుతరామయ్య గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అక్కడ చూడాల్సిన రాళ్లన్నీ వాగులో ఉన్నాయి మేడమ్. చెప్పులతో కుదరదు. నీళ్లు చొరని బూట్లు తెచ్చి నాకు చూపించండి, నోటీసు బోర్డు మీద మీ పేరు పెడతాను. లేదంటే ఎప్పట్లాగే నేనే వెళతాను" అన్నారు.

రాణీగంజ్‌లో ఫ్యాక్టరీ సామాన్ల కొట్టుకు వెళ్లాను. "సార్‌ను తీస్కరాండ్రి మేడమ్, కాలు కొలిచి ఇస్త" అన్నాడు కొట్టతను. సార్‌కు కాదు, నాకే అన్నాను. "మీకా? ఏం ఫ్యాక్టరీల చేస్తరు మేడమ్?" అని జాలిగా అడిగాడు. ఆడవాళ్ల సైజు లేదట. మగవాళ్లలో చిన్న సైజు కొన్నాను. మందపు మేజోళ్లు రెండు జతలు తొడిగితే ఆగుతాయి. కానీ తోలు చెక్కలా ఉంది. కుట్లలోంచి వెలుతురు కనిపిస్తోందేమో అని కూడా అనుమానం.

మీరు సర్వీసంతా రైలు పట్టాల వెంబడి వానలో నడిచినవారు. ఈ తోలు మెత్తబడాలన్నా, నీళ్లు దిగకుండా ఉండాలన్నా ఏం చెయ్యాలి? మా అటెండరు గట్టయ్య "ఎండల పెట్టుండ్రి మేడమ్, మెత్తగైతది" అంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. కుదరకపోవడం కూడా సరైనదేనా అని తెలియడం లేదు.

మీ
హన్నా

తా.క. గుమ్మం ముందు బూట్లు చూసి ఎదురింటి అమృతమ్మ గారు "ఏంది, మీ ఇంటికి పోలీసోళ్లు వచ్చిన్రా?" అని అడిగారు. నావేనని చెప్పాను. అప్పట్నుంచి మా గోడ మీద బట్టలు ఆరేయడం మానేశారు.

*

నరసాపురం,
4 నవంబరు 1994

ప్రభువునందు ప్రియ మేనకోడలు హన్నాకు మామయ్య సుందరరావు ఆశీర్వదించి వ్రాయునది.

ఉత్తరం చేరింది. చదివి సంతోషించాను. ఎండ అన్నమాట దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ గట్టయ్య ఎవడోగానీ, వాడి చేతికి తోలు వస్తువేదీ ఇవ్వకు. ఎండలో పెట్టిన తోలు అప్పడం. మళ్లీ మనిషి కాలికి పనికిరాదు. నీడ కావాలి. గాలి ఆడే నీడ కావాలి. ఇది గోడ మీద రాసుకో.

ఇప్పుడు వరసగా చెబుతాను, మధ్యలో నీ తెలివి కలపకు. ముందు తాళ్లు ఊడదియ్యి. కుట్లలో దుమ్ము పళ్లు తోముకునే పాత బ్రష్షుతో దులుపు. గుడ్డ తడిపి, పిండి, తుడువు. కడగమనలేదు, తుడవమన్నాను. లోపల న్యూసుపేపరు ఉండలు కుక్కి నీడన ఆరనివ్వు. పూర్తిగా ఆరాక ఆముదం గోరువెచ్చగా చేసి, గుడ్డతో పలచగా, పసిపిల్లకు రాసినట్టు రాయి. రాత్రంతా వదిలెయ్యి. తోలు తాగితే మళ్లీ ఒక్క పూత. ఆ పైన తేనెమైనం కరిగించి, చిటికెడు ఆముదం కలిపి, పైతోలూ అడుగూ కలిసే కుట్టు వెంట బొటనవేలితో పామాలి. నీళ్లు దొంగల్లా వచ్చేది ఆ కుట్లలోంచే. కొవ్వొత్తి మైనం వాడేవు, అది పెళుసు. వంగినప్పుడల్లా రాలిపోతుంది.

ఈ పద్ధతితో గోదావరి వరదలో పట్టాలు తనిఖీ చేశాను. కాలు దించితే నీళ్లే పక్కకు జరిగేవి. మా పెద్దింజనీరు నా బూట్లు చూసి టోపీ తీశాడు. (నీ అత్తయ్య ఇక్కడ "ఉక్కపోసి తీశాడు" అంటోంది. పట్టించుకోకు.)

నీకు కుదరకపోతే స్టీఫెన్‌కు చెప్పి మన నరసాపురం రైలు గార్డు చేతికిచ్చి పంపు. నా చేత్తో నేనే చేస్తాను.

ఇట్లు
నీ మామయ్య
సుందరరావు

తా.క. స్త్రీ పురుషవేషము వేసుకొనకూడదని ద్వితీయోపదేశకాండములో ఉందని నీ అత్తయ్య రెండుపూటలా అంటోంది. బూట్లు వేషం కాదు, నాగలిలాగా పనిముట్టు అన్నాను. అయితే వాటితో ఇంట్లోకి రావద్దని చెప్పమంది.

*

తార్నాక,
12 నవంబరు 1994

ప్రియమైన మామయ్యకు హన్నా వందనాలు.

మీరు చెప్పినట్టే చేశాను. దాదాపు చెప్పినట్టే. పలచగా రాయమన్నారు కదా. రాసి పడుకున్నాక, పలచనంటే ఎంత పలచన అని సందేహం వచ్చింది. లేచి ఇంకొంచెం రాశాను. పొద్దున్నే చూస్తే తోలు పొడిగా అనిపించింది. చూసిన వెలుతురు సరిపోలేదేమో. ఇంకో పూత వేశాను. కాలేజీ నుంచి వచ్చాక స్టీఫెన్, "నువ్వు మర్చిపోయినట్టున్నావు, నేనే రాసి పెట్టాను" అన్నాడు.

మామయ్యా, ఇప్పుడవి బూట్లలా లేవు. పట్టుకుంటే రెండూ నమస్కారం పెట్టినట్టు ముందుకు వంగిపోతున్నాయి. తేనెమైనం రాద్దామంటే నూనె మీద నిలవడం లేదు. అయినా వేసుకుని స్నానాలగదిలో బకెట్టులో ఒక కాలు పెట్టి నిలబడ్డాను, నీళ్లు దిగుతాయో లేదో చూద్దామని. దిగాయి. ఆ సమయానికే అమృతమ్మ గారు కరివేపాకు కోసం వచ్చారు. స్టీఫెన్ ఆవిడతో "బాత్‌రూమ్‌లో ఉంది, బూట్లేసుకుని" అని చెప్పాడు. ఆవిడ కరివేపాకు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

హెడ్ గారికి ఇంకా చూపించలేదు. రోజూ వరండాలో ఎదురుపడి నా మొహం చూడరు, పాదాలు చూస్తారు. నిన్న ఆగి, "తొందర లేదు మేడమ్, నా పరుపుచుట్ట సిద్ధంగానే ఉంది" అన్నారు. ఆ మాటలో సానుభూతే ఉందో, సంతోషమే ఉందో తేల్చుకోలేక రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఈసారి కాకపోతే ఇక నన్ను ఎవరూ అడగరు. నేనూ అడగను. నా సంగతి నాకు తెలుసు.

అందుకే బూట్లు మీకే పంపుతున్నాను. స్టీఫెన్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్సుకు వెళ్లి గార్డు చేతికి స్వయంగా ఇచ్చాడు. డిసెంబరు మొదటి వారానికల్లా నాకు చేరాలి. నా పరువు మీ బొటనవేలి కింద ఉంది.

మీ
హన్నా

తా.క. సంచి తెరవబోయే ముందు ఊపిరి బిగపట్టండి. గార్డు గారు దాన్ని తన పెట్టెలో పెట్టుకోనన్నారట. ఒప్పించడానికి స్టీఫెన్ ఏం చెప్పాడో నాకు చెప్పడం లేదు. బహుశా మందులని చెప్పి ఉంటాడు.

*

నరసాపురం,
23 నవంబరు 1994

ప్రియ మేనకోడలు హన్నాకు మామయ్య ఆశీస్సులు. దేవుని కార్యములు మన ఊహకు అందనివని ముందుగా గ్రహించవలెను.

బూట్లు చేరాయి. వాటిని చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత జాలి, కొంత ఆముదం. బియ్యపు తవుడులో కప్పెట్టి, ఎక్కువైన నూనెంతా లాగించాను. తోలు మళ్లీ నిలబడింది. తేనెమైనం కుట్టు కుట్టుకీ పామాను. చేశాక చూస్తే, హన్నా, అద్దం. గ్లాసుడు నీళ్లు పోస్తే పూసలు పూసలుగా దొర్లిపోయాయి. నలుగురు చూశారు. నలుగురూ మెచ్చుకున్నారు. నలుగురేమిటి, చాలామందే.

ప్రస్తుతం అవి నీటి పరీక్షలో ఉన్నాయి. ఇక్కడికి దగ్గర్లో రొయ్యల చెరువులున్నాయి కదా. ఆ ఉప్పు నీళ్లలో, బురదలో, మనిషి కాళ్ల మీదే పరీక్ష జరుగుతోంది. మంచినీళ్లలో ఎవరైనా పరీక్షిస్తారు. ఉప్పునీళ్లకు తట్టుకుంటే వాగొక లెక్కా? కాబట్టి తొందరపెట్టకు. పరీక్ష ఎప్పుడు పూర్తవుతుందన్నది నా ఒక్కడి చేతిలో లేదు.

నీ క్యాంపు తేదీ మార్చే వీలుందేమో మీ హెడ్‌ను మెల్లగా కనుక్కో. ఊరికే అడుగుతున్నాను.

ఇట్లు
నీ మామయ్య
సుందరరావు

తా.క. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది. నాతో చెప్పలేదు, కోడితో చెబుతుంటే విన్నాను. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. దానికీ బూట్లకూ సంబంధం లేదు.

*

తార్నాక,
29 నవంబరు 1994

ప్రియమైన మామయ్యకు హన్నా వందనాలు.

మీ ఉత్తరం చదివి పొంగిపోయాను. ఇంత శ్రమ పడతారనుకోలేదు. మనిషిని పెట్టి మరీ పరీక్ష చేయిస్తున్నారా! ఆ సంతోషంలో డిపార్ట్‌మెంటుకు వెళ్లి హెడ్ గారికి చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

"ఉప్పునీటి పరీక్షా? ఎవరు చేస్తున్నారు?" అని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మా మామయ్య, రైల్వేలో చేసి రిటైరయ్యారు అన్నాను. "అట్లాగా! నీళ్లలో పెట్టక ముందు బరువెంత, తీశాక బరువెంత? బురదలో బంకమన్ను పాలు ఎంత? రాయించి తెప్పించండి" అన్నారు. అంతటితో ఆగలేదు. మధ్యాహ్నం టీ దగ్గర కెమిస్ట్రీ వాళ్లకు చెప్పారు. సాయంత్రానికి జువాలజీ వాళ్లకు తెలిసింది. మీ చెరువులో రొయ్యల రకమేమిటో కనుక్కోమన్నారు.

నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు మామయ్యా. క్యాంపు తేదీ ఉంది, బస్సు బయలుదేరే చోటు ఉంది, "నడిపించువారు" అన్నచోట ఖాళీ ఉంది. బూట్లు రాగానే అక్కడ పేరు రాస్తారట. రోజుకొకసారి వెళ్లి ఆ ఖాళీని చూసి వస్తున్నాను. క్యాంపు తేదీ మారదు, కనుక్కున్నాను.

ఒక్క అనుమానం. ఉప్పు తోలుకు మంచిది కాదు కదా? తెల్లగా చారలు వస్తాయని లైబ్రరీలో చదివాను. మీకు తెలియదని కాదు. నాకు తెలుసని కూడా కాదు. తొందరగా పంపండి.

మీ
హన్నా

తా.క. గట్టయ్య ఆ ఖాళీ ముందు నన్ను చూసి, "ఏం ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. మీకన్న మీ బూట్లే ముందుగాల క్యాంపుకు పోయినయ్ గద" అన్నాడు. ఓదార్పే అనుకుంటున్నాను.

*

నరసాపురం,
4 డిసెంబరు 1994

హన్నాకు మామయ్య వ్రాయునది. ఆశీస్సులు ఈసారి చివరలో రాస్తాను, అప్పటికి నీకు కావాలనిపిస్తే తీసుకో.

బంకమన్ను పాలు అని చదవగానే అత్తయ్య ఉత్తరం లాక్కుంది. "ఇప్పుడైనా చెబుతావా, నేను చెప్పనా?" అంది. ఇన్నాళ్లకు నాతో మాట్లాడిన మొదటి మాట అదే. కనుక చెబుతున్నాను.

బూట్లు పూర్తిచేశాక ఆరబెట్టడానికి గాలి ఆడే నీడ కావాలి. మా ఇంట్లో నీడ ఉంటే గాలి లేదు, గాలి ఉంటే కోళ్లున్నాయి. ఊళ్లోకల్లా చల్లటి చోటు చర్చిలో ప్రభువు బల్ల పక్కన ఉన్న రాతి అరుగు. తాళంచెవి ఒకటి నా దగ్గర కూడా ఉంటుంది. శనివారం సాయంత్రం అక్కడ పెట్టి వచ్చాను. మర్నాడు కోతపండుగ అని నా బుర్రకు తట్టలేదు.

మన కోతపండుగ సంగతి నీకు తెలిసిందే. జనం తొలిపంట తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆరాధన అయ్యాక అవన్నీ వేలం పాడతాం. నేను వెళ్లేసరికి నీ బూట్ల చుట్టూ గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. ఎవరో భక్తిగా కుడి బూటులో కనకాంబరాలు పెట్టారు. పాస్టరుగారు అన్నిటి మీదా చేతులు చాపి ప్రార్థన చేసేశారు. ప్రార్థన అయిన వస్తువు వెనక్కి తీసుకోకూడదు.

ఏటా వేలం వేసేది నేనే. బూట్లు చేతికొచ్చాయి. "ఇవి, ఇవి పొరపాటున..." అనబోతున్నాను. అంతలో రొయ్యల చెరువుల బుచ్చిబాబు వెనక వరసలోంచి "తడికి ఆగుతాయా అవి? పాతవిలా ఉన్నాయే" అన్నాడు.

హన్నా, నేనేం చెయ్యను? నా బొటనవేలు ఇంకా మంట పుడుతోంది. పాతవంటాడా? గ్లాసు తెప్పించాను. అందరి ముందూ నీళ్లు పోశాను. ముత్యాల్లా జారిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. కుట్లు చూపించాను, అడుగు తిప్పి చూపించాను, గోదావరి వరద సంగతి చెప్పాను. కింద కూర్చున్న అత్తయ్య సైగలు చేస్తూనే ఉంది. అడుగు ఇంకోసారి చూపించమంటోందనుకున్నాను. ఒళ్లు తెలిసేసరికి "మూడోసారి" అనేశాను. బుచ్చిబాబు పాడుకున్నాడు.

పాడుకున్నవాళ్లు పెద్దమనసుతో వస్తువు మళ్లీ దేవుడికే ఇచ్చేస్తే రెండోసారి వేలం వేస్తాం. బుచ్చిబాబు గుమ్మడికాయ ఇచ్చేశాడు, కోడిపుంజు ఇచ్చేశాడు. బూట్లు మాత్రం అక్కడే కూర్చుని తొడుక్కున్నాడు. ఆ రోజు నుంచి చెరువు గట్టున వాటితోనే తిరుగుతున్నాడు. పరీక్ష అన్నమాట పూర్తి అబద్ధం కాదు.

నిన్న అత్తయ్యే వెళ్లి, అవి కాలేజీ క్యాంపుకు పంపాల్సిన బూట్లని చెప్పింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ! వేళ్లు నలిగి చస్తున్నానండీ. ఊరంతా చూస్తున్నారని తియ్యలేకపోతున్నాను" అన్నాడట. ఎల్లుండి పనిమీద హైదరాబాదు వస్తున్నాడు. ఉప్పు చారలన్నీ తుడిచి, మళ్లీ మైనం పట్టించి ఇచ్చాను. మీ డిపార్ట్‌మెంటుకే తెచ్చి అప్పగిస్తాడు. అతను నిన్ను ఎరగడు గనక, క్యాంపుకు పెద్ద ఎవరో కనుక్కుని వాళ్ల చేతికే ఇమ్మన్నాను.

ఆశీస్సులు.
నీ మామయ్య
సుందరరావు

తా.క. రొయ్యల రకం టైగరు. ఇది ఒక్కటీ నిజంగా కనుక్కున్నాను.

*

ఇల్లెందు క్యాంపు,
15 డిసెంబరు 1994

ప్రియమైన మామయ్యకూ అత్తయ్యకూ హన్నా వందనాలు.

బుచ్చిబాబు గారు వచ్చారు. ఐసు పెట్టెలో రొయ్యలు కూడా తెచ్చారు. నేను క్లాసులో ఉన్నాను. గట్టయ్య ఆయన్ను నేరుగా హెడ్ గారి గదికి తీసుకెళ్లాడు. "క్యాంపుకు పెద్ద ఎవరండీ?" అని అడిగారట. అచ్యుతరామయ్య గారు "నేనే" అన్నారు. అనక ఏమంటారు, బోర్డు మీద ఖాళీయే కదా. "అయితే ఇవి తమరికేనండీ. సుందరరావుగారు స్వయంగా చేసినవి. ఉప్పు చెరువులో నేనే దగ్గరుండి పరీక్ష చేశానండీ" అని చేతిలో పెట్టేశారు.

నేను వెళ్లేసరికి హెడ్ గారు బూట్లు తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడుస్తున్నారు. "మీ మామయ్య గారిది ఎంత అభిమానమండీ! మీవాటికంటే ముందు నాకో జత పంపారు. నా కాలికి కొలిచినట్టున్నాయి" అన్నారు. నావేనని చెబుదామని నోరు తెరిచాను. "థాంక్యూ మేడమ్" అన్నారు. "పర్వాలేదండీ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. సాయంత్రం బోర్డు మీద ఆయన పేరు పడింది. కింద, చిన్న అక్షరాల్లో, "సహాయం: హన్నా" అని ఉంది.

స్టీఫెన్ రెండు రోజులు నాతో పోట్లాడాడు. మూడో రోజు తార్నాకలో బడిపిల్లలు వేసుకునే కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చి నా సంచిలో పడేశాడు. "సహాయానికైనా కాళ్లు కావాలిగా" అన్నాడు.

నిన్న వాగు దగ్గరికి వెళ్లాం. హెడ్ గారు ఒడ్డున నిలబడి పిల్లలకు మీ పరీక్ష గురించి ఉపన్యాసం ఇచ్చారు. "ఈ తోలులోంచి చుక్క నీరు అటు నుంచి ఇటు రాదు" అని చెప్పి ముందుగా దిగారు. వెనక పిల్లలు, చివర నేను. సగం దూరం బాగానే నడిచారు. అక్కడ అడుగున గుంట ఉంది. నీళ్లు బూట్ల అంచు దాటి పైనుంచి లోపలికి దిగాయి మామయ్యా. దిగినవి దిగినట్టే ఉండిపోయాయి. కుట్లలోంచి చుక్క పోతే ఒట్టు. ఆయన కాలెత్తబోతే లేవలేదు. రెండో కాలు ప్రయత్నించారు. నిండు బిందెల్లో నిలబెట్టినట్టు వాగు మధ్యలో ఆగిపోయారు. "సార్, పరీక్షనా?" అని స్వరూప అనే అమ్మాయి అడిగింది, నిజంగానే తెలియక.

నా కాన్వాసు బూట్లలోకి నీళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. నేనూ ఇద్దరు పిల్లలూ పట్టుకుని ఆయన్ను వెనక్కి ఒడ్డుకు చేర్చాం. లేసులు తడిసి ముళ్లు బిగుసుకున్నాయి, బూట్లు ఊడిరాలేదు. ఆయన వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ పైకెత్తితే పిక్కల మీదుగా నీళ్లన్నీ ప్యాంటులోకి వచ్చాయి. కాసేపు ఆకాశం చూసి, "మేడమ్, పిల్లలు ఎదురుచూస్తున్నారు. మిగతాది మీరు చూడండి" అన్నారు.

చూశాను. అవతలి ఒడ్డున మొదటి రాయి దగ్గరే స్వరూప, ఇదేం రాయి మేడమ్ అని అడిగింది. హెడ్ గారైతే దూరం నుంచే పేరు చెప్పేవారు. "నాకు అనుమానంగా ఉంది, కొట్టి చూద్దాం" అన్నాను. సుత్తి తీసి కొట్టాం, భూతద్దం పెట్టాం, వాదించుకున్నాం. మరో రాయి, మరో అనుమానం. సాయంత్రమయ్యేసరికి పిల్లలు నన్ను అడగడం మానేసి వాళ్లే అనుమానపడుతున్నారు. ఇన్నేళ్లుగా నేను జబ్బనుకున్నది ఇక్కడ పాఠంలా ఉంది. నిజంగా అంతేనా అంటే, చెప్పలేను.

ఈరోజు పొద్దున హెడ్ గారు పిల్లలందరి ముందూ, క్యాంపు ఇక హన్నా మేడమ్‌దేనని చెప్పి జీపులో హైదరాబాదు వెళ్లిపోయారు. జలుబు చేసింది, పాపం. బూట్లు మాత్రం నాకు వదిలేశారు.

మీ
హన్నా

తా.క. వెళుతూ జీపు కిటికీలోంచి తల బయటపెట్టి, మీకు తప్పకుండా రాయమన్నారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "మీ మామయ్య గారి పనితనం అద్భుతం. చుక్క నీరు కూడా బయటికి పోలేదు."